నాలుగో పిలుపు

భిలాయి శివారు కోహ్కాలో వానాకాలం వచ్చిందంటే దీపాలు పెట్టే వేళకు ముందే చీకటి పడిపోతుంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచీ ముసురు పట్టి వదలడం లేదు. ఉక్కు ప్లాంటు వైపు ఆకాశం మాత్రం ఎప్పటిలాగే ఎర్రగా ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఎరుపు చూసి ఎక్కడో కొంపలు అంటుకున్నాయని హడలిపోతారు గానీ, భిలాయిలోనే పుట్టి పెరిగిన భాగ్యరేఖకు ఆ ఎరుపు కనబడకపోతేనే తోచదు.

"భాగ్యా..." వంటింట్లోంచి తల్లి నూకమ్మ పిలిచింది.

భాగ్యరేఖ ముందుగదిలో కూర్చుని స్కూలు పిల్లల లెక్కల పేపర్లు దిద్దుతోంది. పిలుపు చెవిన పడింది గానీ చేతిలో లెక్క సగంలో ఉంది.

"భాగ్యా... ఒలే భాగ్యా..."

లెక్క ఇంకా తెగలేదు.

"భాగ్యా!"

"ఆఁ... ఏక్ మినట్ అమ్మా, వస్తున్నా."

"నాలుగుసార్లు పిలిస్తే గానీ పలకవేటే నువ్వు! సిన్నప్పట్నించీ ఇదే అలవాటు. అన్నం సల్లారిపోయినా నీకు పట్టదు. అదే నానైతే, మీ నాన్న గేటు కాడ నించి 'నూకా' అంటే సాలు, గిన్నె దించి మరీ ఆఁ అనీదాన్ని."

ఆ మాటలో అబద్ధం లేదు. బలరాం గేటు గొళ్లెం తీస్తూ నూకా అనడం, లోపల్నుంచి ఆవిడ ఆఁ అనడం ఆ ఇంట్లో గడియారం మోగినంత మామూలు. ఇప్పుడు గొళ్లెం తీసేవాడు లేడు. ఇంకా పదో రోజు కూడా రాలేదు. టీవీ చూస్తూ చూస్తూ ఛాతీ పట్టుకుని పక్కకు ఒరిగినవాడు ఒరిగినట్టే పోయాడు. ఆయన ఒరిగిన చోట చిన్న దీపం వెలుగుతోంది.

అప్పట్నుంచి నూకమ్మ వండుతోంది గానీ తినడం లేదు. మనిషి సగమైపోయింది. గుండె బలహీనంగా ఉంది, కంగారు పెట్టే మాటేదీ ఆవిడ చెవిన వెయ్యకండి అని డాక్టరు భాగ్యరేఖను పక్కకు పిలిచి మరీ చెప్పాడు. నాన్న ఎలాగూ పోయాడు, అమ్మను మాత్రం పోనివ్వను అని భాగ్యరేఖ ఆ రోజే గట్టిగా అనుకుంది. రాత్రిపూట లేచి తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటోంది. ముప్పై ఏళ్లు దాటిన మనిషి, పదిమందికి లెక్కలు చెప్పే మనిషి, చిన్నపిల్లలా భయపడుతోంది.

చెయ్యి కడుక్కుని తల్లి పక్కన కూర్చుందో లేదో ఫోను మోగింది. రాజమండ్రి నుంచి తమ్ముడు రాజాబాబు వీడియో కాల్. తండ్రి అస్థికలు గోదాట్లో కలపడానికి వెళ్లాడు.

"అమ్మా, రేపు తెల్లారగానే కలిపేస్తాను. పంతులుగారితో బాత్ హో గయీ."

"తిన్నావేటి బాబూ?"

"తిన్నాను. అమ్మా... ఒకటి అడగనా? ఆ రోజు శ్మశానానికి పోతూ దారిలో నాన్నని కిందకి దింపారు కదా. చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలవమన్నారు. పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలుద్దామని నోరు తెరిచాను. సింహాద్రి మావయ్య నా నోరు గట్టిగా మూసేశాడు. క్యోఁ? ఒక్కసారి ఎక్కువ పిలిస్తే ఏమవుతుంది?"

భాగ్యరేఖ తల పైకెత్తింది. దింపుడు కళ్లం ఆశ అనే మాట ఆమెకు తెలుసు. పాసవ్వడు అని తేలిపోయిన పిల్లాడి విషయంలో స్టాఫ్ రూములో తనూ వాడుతుంది. ఆ మాట వెనక ఇంత పని ఉందని, పాడెను దారిలో నిజంగా దింపుతారని, చచ్చిపోయినవాడు ఒకవేళ లేస్తాడేమోనని పేరు పెట్టి పిలుస్తారని మాత్రం ఆమెకు తెలియదు. ఆడవాళ్లను శ్మశానానికి రానివ్వరు కదా!

"నాలుగోది పిలవకూడదు బాబూ," అంది నూకమ్మ. "ఎందుకంటే..."

రాజాబాబు మొహం తెర మీద ఆగిపోయింది. నోరు సగం తెరుచుకుని, కళ్లు సగం మూసుకుని. దాని మీద చిన్న చక్రం తిరుగుతోంది.

"బాబు మొహం కదలట్లేదేటే? భాగ్యా! అలా ఉంచీకే, సూడ్డానికి బాగోలేదు!"

"నెట్ స్లో అయింది అమ్మా, ఇంకేం లేదు. ఉండు, చూస్తాను."

తల్లి గుండె మీద చెయ్యి వేసుకోవడం చూసి భాగ్యరేఖ గబగబా లాప్‌టాప్ తెరిచింది. ముందు స్పీడ్ టెస్ట్ పెట్టింది. సూది సున్నా దగ్గర కాసేపు వణికి, లేవలేక లేవలేక ఒక్క గీత దాటి మళ్లీ పడిపోయింది. రూటర్ ఆపి వేసింది. అదే వరస. మన నెట్టు ఎవడో తినేస్తున్నాడు అనుకుని, రూటర్ పేజీలోకి వెళ్లి ఎవరెవరు కలిసి ఉన్నారో చూసింది.

మూడు పేర్లున్నాయి. ఒకటి తన లాప్‌టాప్. ఒకటి తన ఫోను. మూడోది బలరాం.

అది నాన్న కంప్యూటరు పేరు. బలరాం ప్లాంటు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. యంత్రానికైనా పేరు పెట్టకపోతే పిలిస్తే ఎలా పలుకుతుంది అనేవాడు. తన పేరే పెట్టాడు. కూతురికి ఈ తనిఖీలన్నీ నేర్పింది కూడా ఆయనే.

"పింగ్ అంటే ఏటో అనుకోకు అమ్మీ, ఒట్టి పిలుపు. ఈ సివర్నించి పేరెట్టి కేకేస్తాది. ఆ సివర్న ఉన్నోడు పలికితే, ఎంతసేపటికి పలికాడో రాసి సూపిస్తాది. తొందరగా పలికితే దగ్గరున్నట్టు. ఆలీసమైతే దూరమున్నట్టు. నాలుగుసార్లు పిలిసి ఊరుకుంటాది. నీలాటోళ్ల కోసమే నాలుగు పెట్టారు!" అని పకపకా నవ్వేవాడు.

ఆ నవ్వు గుర్తొచ్చి భాగ్యరేఖకు ఏడుపొచ్చింది. రూటర్ కూడా మనలాంటిదే, పోయినవాళ్ల పేరు కొన్నాళ్లు పట్టుకునే ఉంటుంది అనుకుంది. లేదా పక్కింటి పిల్లకాయలు పాస్‌వర్డ్ కనిపెట్టి ఆ పేరుతో దూరారేమో. తేల్చుకోవడం ఎంతసేపు! ఆదేశాలు కొట్టే నల్ల తెర తెరిచి, పింగ్ అని కొట్టి, పక్కన బలరాం అని కొట్టి, ఎంటర్ నొక్కింది.

రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. పలకలేదు.

రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్.

రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్.

అదే కదా అనుకుని మూసెయ్యబోయింది. నాలుగో వరస పడింది.

రిప్లై ఫ్రమ్...

ఎవరో పలికారు. చాలా ఆలస్యంగా పలికారు. దాదాపు నాలుగు సెకన్లు పట్టింది. ఇంట్లో ఉన్న యంత్రమైతే రెప్ప వేసేలోపు పలకాలి. ఇంత ఆలస్యమైన జవాబు ఆమె ఎప్పుడూ చూడలేదు. అమెరికాలో ఉన్న యంత్రం కూడా ఇంతకంటే చాలా ముందే పలుకుతుంది.

భాగ్యరేఖ లేచి మంచం కింద చూసింది. నాన్న కంప్యూటరు పాత దుప్పట్లో చుట్టి ఉంది. దానికి ఉండాల్సిన తీగలన్నీ ఉండ చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, పక్కన పెట్టి ఉన్నాయి. తనే చుట్టింది.

"ఏటయిందే?" అంది నూకమ్మ.

"ఏం లేదు అమ్మా. నాన్న కంప్యూటర్ పేరు కనిపిస్తోంది. అజీబ్ హై... మూడుసార్లు పలకలేదు, నాలుగోసారికి రిప్లై వచ్చింది."

నూకమ్మ దీపంలో నూనె పోస్తోంది. గిన్నె చేతిలోనే ఉండిపోయింది. నూనె ధార ప్రమిద దాటి గచ్చు మీద పారుతున్నా ఆవిడ చూసుకోలేదు.

"పేరెట్టి పిలిసావా?"

"పింగ్ చేశాను అమ్మా."

"పేరెట్టేనా?"

"...ఆఁ."

"ఎన్నిసార్లు?"

భాగ్యరేఖ తెర మీద నాలుగో వరస వైపు చూసింది. గచ్చు మీద నూనె నెమ్మదిగా ఆమె కాళ్ల దగ్గరికి వచ్చింది.

"మూడుకి పలకనోడు పోయినోడు," అంది నూకమ్మ గొంతు తగ్గించి. "మూడుతో వదిలీయాల. నాలుగోది పిలిస్తే ఎవులైనా పలకాల్సిందే, తల్లీ. అది మనుసుల సేతుల్లో లేదు. సచ్చినోడైనా, బతికున్నోడైనా. మా అమ్మ సెప్పీది, నాలుగో పిలుపు ఇనపడితే ఎల్లక తప్పదు అనీ..."

"అమ్మా, ప్లీజ్. అది మెషీన్. అలాంటివేం ఉండవు. ఇదిగో, నీకు ఇప్పుడే చూపిస్తాను."

తల్లి ధైర్యం కోసమే అంది. నాన్న నేర్పిన ఇంకో పనిముట్టు ఉంది. పిలుపు ఏ దారిన వెళ్లిందో అది చూపిస్తుంది. దారిలో ఒక్కో మజిలీకి ఒక్కో వరస. ప్రతి మజిలీనీ మూడుసార్లు పలకరిస్తుంది. పలకకపోతే మూడు చుక్కలు పెట్టి ముందుకు పోతుంది. ఇంట్లో యంత్రానికైతే ఒక్క వరసే రావాలి. అది చూపించి తల్లిని నవ్వించాలనుకుంది.

ఎంటర్ నొక్కింది.

మూడు చుక్కలు. కింద మూడు చుక్కలు. మళ్లీ మూడు చుక్కలు... తెర నిండిపోయింది. ఎక్కడా ఎవరూ పలకని మజిలీలు, ఒకదాని కింద ఒకటి. మనుషులెవరూ లేని దారి. అడుగున, చిట్టచివర, ఒక్క పేరు.

బలరాం.

"ఏటుందే?" అంది నూకమ్మ. ఆవిడకు చదువు రాదు. "ఆ సుక్కలేటి?"

"దూరం అమ్మా," అంది భాగ్యరేఖ, అప్పటికి తోచింది అదే. "చాలా దూరం."

మళ్లీ చూద్దామనుకుంది. ఎందుకు అనుకుందో ఆ తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకు తెలియలేదు. మళ్లీ నొక్కింది. ఈసారి చుక్కలు సగం తెర వరకే వచ్చాయి. కింద అదే పేరు. ఇంకోసారి. తెరలో పావువంతు. పేరు పైకి వస్తోంది. మజిలీలు తగ్గుతున్నాయి.

వాన జోరందుకుంది. ఎక్కడో కుక్క ఒకటి మొరగబోయి, మధ్యలోనే మానేసింది.

భాగ్యరేఖ ఒక్క ఉదుటున లేచి రూటర్ తీగ పీకేసింది. పచ్చదీపాలు ఆరిపోయాయి. వెనక్కి తిరిగి చూసింది. తెర మీద కొత్త వరసలు పడుతున్నాయి... ఆమె ఏ మీటా నొక్కలేదు. అయిదు వరసలు. కింద పేరు. నాలుగు వరసలు. కింద పేరు. లాప్‌టాప్ మూసేసింది. మూసిన మూతకు, అడుగుకు మధ్య సన్నని వెలుగు గీత అలాగే ఉంది. దాన్ని తీసుకెళ్లి బాత్‌రూములో పెట్టి తలుపు వేసింది. ఫోను తీసి పక్కింటి గౌరీదేవికి చేసింది. సిగ్నల్ లేదు. మావయ్యకు చేసింది. లేదు. ఆ వానలో గొంతు చించుకున్నా గోడ దాటదు.

అప్పుడొచ్చింది వాసన. అగరొత్తి వాసన కాదు, దీపం వాసన కాదు. నెయ్యి పోసి కాల్చి, తర్వాత నీళ్లు చల్లితే వచ్చే తడి బూడిద వాసన. వీధి తలుపు కిందనుంచి వస్తోంది.

"అమ్మా, ఇటు రా. నా దగ్గరికి రా."

తల్లిని మంచం మీద కూర్చోబెట్టి వెనకనుంచి గట్టిగా పట్టుకుంది. ఆవిడ గుండె భాగ్యరేఖ మోచేతికి తగులుతోంది. తొందర తొందరగా, ఎగిరెగిరి.

"పలకొద్దు అమ్మా. ఏం వినపడినా సరే. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? చుప్ రహ్‌నా, ప్లీజ్."

నూకమ్మ తల ఊపింది.

సందు చివర్నుంచి, వానలోంచి...

"నూకా..."

నూకమ్మ నోరు దానంతటదే తెరుచుకుంది. అలవాటు అలాంటిది. భాగ్యరేఖ అరచేత్తో ఆ నోరు మూసింది. అరచేతిలో ఆఁ అనే ఊపిరి వెచ్చగా తగిలి ఆగిపోయింది.

నాన్న గొంతే. దగ్గు తగిలినట్టు చివర్లో కాస్త బొంగురుగా.

గేటు గొళ్లెం చప్పుడైంది. ఆయన తీసినట్టే, ముందు ఎత్తి, తర్వాత పక్కకు లాగి.

"నూకా..."

నూకమ్మ కన్నీళ్లు భాగ్యరేఖ వేళ్ల మీదుగా జారుతున్నాయి. రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెడుతోంది. కూతురికో, గేటు దగ్గర ఉన్నవాడికో తెలియదు. "ఒద్దు అమ్మా... రెండయ్యాయి. ఇంకొక్కటి. మూడుతో ఆగిపోతుంది. నువ్వే చెప్పావు కదా..." గుసగుసగా అంటోంది భాగ్యరేఖ. ఆమె లెక్కలన్నీ ఆ క్షణాన ఆ ఒక్క అంకె దగ్గరే ఉన్నాయి.

వరండాలో తడికాళ్లు. తలుపు అవతల.

"నూకా..."

మూడు.

తర్వాత ఏమీ లేదు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. వాసన కూడా తగ్గినట్టనిపించింది. భాగ్యరేఖ ఊపిరి పీల్చుకుంది. తల్లి భుజాలు కూడా కొంచెం వదులయ్యాయి. అయిపోయింది. మూడుతో అయిపోయింది. నూకమ్మ తల కూతురి భుజం మీదకి వాలింది. భాగ్యరేఖ చెయ్యి మాత్రం తియ్యలేదు.

అప్పుడు పిలిచాడు.

బయటనుంచి కాదు. దీపం పక్కనుంచి. గట్టిగా కాదు, జ్వరమొచ్చినప్పుడు మంచినీళ్లు అడిగేవాడే, అంత మెల్లగా.

"నూకా..."

"ఆఁ... వస్తన్నానయ్యా," అంది నూకమ్మ.

కూతురి వేళ్ల సందుల్లోంచే అంది. ఎంతో మామూలుగా, పొయ్యి మీద గిన్నె దించి వస్తున్నట్టు అంది. అరచేతికి తగులుతున్న వెచ్చని ఊపిరి ఆ మాటతో పాటే వెళ్లి, మళ్లీ రాలేదు. భాగ్యరేఖ చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేకపోయింది. తీస్తే తెలిసిపోతుందని.

దీపం ఆరలేదు. అది అలాగే నిలకడగా వెలుగుతూనే ఉంది.

డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. భర్త మీద బెంగతో పోయిందన్నారు వచ్చినవాళ్లు. పుణ్యస్త్రీగా పోలేదు గానీ పుణ్యాత్మురాలు, ఆయన వెనకే నడిచి వెళ్లిందన్నారు. భాగ్యరేఖ రాజాబాబు ఒక్కడికే జరిగింది చెప్పింది. వాడు తండ్రిని గోదాట్లో కలిపి, అక్కణ్నుంచి పరుగున వచ్చి తల్లిని మొయ్యాల్సి వచ్చినవాడు. అంతా విని, "దీదీ, నువ్వు నిద్రపోయి ఎన్నాళ్లైందో చెప్పు ముందు," అన్నాడు.

శ్మశానం నుంచి వాడు తడిబట్టలతో తిరిగి రాగానే గుమ్మం దగ్గరే అడిగింది.

"పిలిచావా?"

"మూడుసార్లు."

"మూడేనా?"

"మూడే దీదీ. మావయ్య నా నోటి దగ్గర చెయ్యి పెట్టుకునే ఉన్నాడు."

"పలికిందా?"

"లేదు."

ఆమెకు అప్పుడు మొదటిసారి గట్టిగా ఏడుపొచ్చింది. మంచిదే. అమ్మ పలకలేదు. అమ్మ సుఖంగా పోయింది. ఇక ఎవరూ పేరు పెట్టి పిలవకపోతే చాలు. రూటర్, లాప్‌టాప్ మావయ్య చేత అటక ఎక్కించింది. తన ఫోను కూడా ఆపి తమ్ముడికే ఇచ్చేసింది.

చీకటి పడుతుండగా రాజాబాబు, మావయ్య పురోహితుడితో మాట్లాడటానికి వెళ్లారు. తోడుగా కూర్చున్న గౌరీదేవి తన ఇంట్లో దీపం పెట్టి ఇప్పుడే వస్తానని లేచింది. మైలబడిన ఇల్లు, పొయ్యి వెలిగించలేదు. పక్కింటివాళ్లు తెచ్చిన అన్నం మూత కూడా తియ్యకుండా అలాగే ఉంది. భాగ్యరేఖ మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. బయట వాన లేదు. కిటికీలోంచి ప్లాంటు ఎరుపు గోడ మీద పడుతోంది.

వంటింట్లో కంచం పెట్టిన చప్పుడైంది.

ఇంగువ వేసిన చారు పోపు వాసన వచ్చింది. అమ్మ చేసే చారు.

"భాగ్యా..."

భాగ్యరేఖ రెండు చేతులతో తన నోరు తనే మూసుకుంది.

"భాగ్యా... ఒలే భాగ్యా... అన్నం సల్లారిపోతన్నాది."

కోపం లేదు ఆ గొంతులో. ఎన్నేళ్ల నుంచో పిలిచి పిలిచి అలవాటైపోయిన ఓపిక ఉంది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దమైంది. వంటింట్లో ఎవరో తన కోసం కాచుక్కూర్చున్నారు. మూడయ్యాయి. భాగ్యరేఖ అరచేతుల కింద పెదవులు నెమ్మదిగా విడిపోతున్నాయి, తనకు తెలుస్తూనే ఉంది, ఆపడం ఆమె వల్ల కావడం లేదు.

చిన్నప్పట్నుంచీ ఆమెకు నాలుగోసారికి పలకడమే అలవాటు.